నా బదులు పుట్టి ఎక్కిన మనిషి

దయ్యం అనే మాట ఎవరైనా ఎత్తితే నాకు మొదట కోపమే వస్తుంది. చిన్నప్పటి నుంచీ అంతే. ఎవరికైనా పూనకం వచ్చిందంటే, ఆ రోజు ఆమె అన్నం తిన్నదో లేదో ముందు కనుక్కునేదాన్ని. చింతచెట్టు కిందినుంచి పోయేటప్పుడు ఉమ్మేసి పొమ్మని మా అత్త చెప్పేది. నేను ఎన్నడూ ఉమ్మలేదు, నాకు ఎన్నడూ ఏమీ కాలేదు. ఇప్పుడు చెప్పబోయేది నాకే జరిగింది. ఇది విని నేను దయ్యాలను నమ్మడం మొదలుపెట్టానని అనుకోవద్దు. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

మాది మక్తల్ దగ్గర మగ్గాల ఇల్లు. మా ఆయన చీరలు నేసేవాడు, నేను నూలు కండెలు చుట్టేదాన్ని. నా తల్లిగారి ఊరు కృష్ణ ఒడ్డున. అమ్మా నాయినా పోయాక ఆ ఇంట్లో మా చిన్నాయన ఒక్కడే మిగిలాడు. పందొమ్మిది వందల అరవై దాటిన కొత్తలో సంగతి ఇది. అప్పటికి నాకొక కొడుకు, వాడి తర్వాత పద్మ. పద్మను ఇంకా బడిలో వెయ్యలేదు.

నాకొక అక్క ఉంది, సత్తెమ్మ. ఆమెను సోలాపూర్‌లో ఇచ్చారు. బావ అక్కడ చద్దర్ల మిల్లులో పని. పెళ్లయి ఎన్నో ఏళ్లయినా అక్కకు పిల్లలు కాలేదు. మొక్కని దేవుడు లేడు, తాగని మందు లేదు. అందుకే ఆమె మా ఇంటికి వచ్చినప్పుడల్లా పద్మను పక్కలో వేసుకుని పడుకుంటే నేను ఏమీ అనేదాన్ని కాదు. పాపం అనుకునేదాన్ని.

ఆ ఏడు శివరాత్రి పోయాక అక్క ఒక్కతే వచ్చింది. పద్మను పెంచుకుంటానని మొదట అడిగింది నన్ను కాదు, మా ఆయనను. ఆయన అవుననలేదు, కాదనలేదు. "అంజమ్మ సరే అంటే నాకేముంది" అన్నాడట. ఆ మాట నాకు రెండు రోజుల తర్వాత అక్క నోటి నుంచే తెలిసింది. కన్న తల్లిని వదిలేసి మగ్గం గుంటలో కూర్చున్న మనిషిని అడగడమేమిటని నాకు ఒళ్లు మండింది. ఇవ్వనని ముఖం మీదే చెప్పేశాను. అక్క ఏడవలేదు, అలగలేదు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు కూడా. అయిపోయిందనుకున్నాను.

అక్క తిరుగు ప్రయాణానికి సాయంత్రం కృష్ణా స్టేషన్లో రైలెక్కాలి. ఒక రోజు ముందే తల్లిగారింటికి పోయి, మర్నాడు పొద్దంతా ఏటి నడుమ గడ్డ మీద గడిపి, అటునుంచి అటే రైలుకు పోతానంది. చిన్నప్పుడు ఎండాకాలమంతా మేము ఆ గడ్డ మీదే పడి ఉండేవాళ్లం. నాకూ ప్రాణం లేచొచ్చింది. కొడుకును అత్త దగ్గర వదిలి నేనూ మా ఆయనా, పద్మ, అక్క బయలుదేరాం. చిన్నాయన కూడా మాతో గడ్డ మీదికి వచ్చాడు.

మమ్మల్ని పుట్టిలో దాటించింది ఆ ఊరి బెస్తాయన. పుట్టి అంటే పెద్ద వెదురు గంప, కింద తోలు కప్పి ఉంటుంది. నడి ఏట్లో అది గిర్రున తిరిగేసరికి పద్మ కళ్లు మూసుకుని నా ఒళ్లో ముఖం దాచుకుంది. మా ఆయన పుట్టి అంచు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. ఈత రాని మనిషి. అక్కా నేనూ నవ్వుకున్నాం.

గడ్డ మీద ఇసుక, నల్ల బండలు, నాలుగు కానుగ చెట్లు, ఇంకేమీ ఉండదు. వానాకాలపు ఎరుపు పోయి నీళ్లు తేటపడిన రోజులు. మోకాటి లోతులో నిలబడితే కాలి గోళ్లు కనిపించేవి. బెస్తాయన తెల్లవారు జామున పట్టిన చేపలు ఇచ్చాడు. చిన్నాయన మూడు రాళ్లు పెట్టి పులుసు కాచాడు. ఇంటి నుంచి తెచ్చిన జొన్నరొట్టెలతో తిన్నాం. మగవాళ్లు కానుగ నీడలో నడుం వాల్చారు. బెస్తాయన పుట్టిని బోర్లించి దాని నీడలో పడుకున్నాడు. పద్మ ఇసుకలో గుంటలు తీస్తోంది. అంత సుఖమైన పూట నా సంసారంలో అంతకు ముందు లేదు.

అప్పుడు అక్క మళ్లీ అడిగింది.

"అంజీ, ఆఖరి పారి అడుగుతున్న. పద్మను నాతోటి తోలియ్యి. రాణి లెక్క జూసుకుంట."

"నా బిడ్డ ఏమన్న మేకపిల్లనా అక్కా, నువ్వడిగినవని తాడు నీ చేతికియ్యనీకి? ఇయ్య. ఇంక అడగకు."

అక్క నవ్వుతూ లేచి, సంచిలోంచి రెండు బొప్పాయి కాడలు తీసింది. పొద్దున్నే పెరట్లో కోసిందట.

"పా మరి. చిన్నప్పటి లెక్క జూద్దం."

ఇది మా ఇద్దరి ఆట. బొప్పాయి ఆకు కాడ లోపల బోలుగా ఉంటుంది. రెండు చివరలూ కోసి, పాలు పోయేదాకా కడగాలి, లేకుంటే పెదవులు మండుతాయి. ఒక చివర పళ్ల నడుమ పెట్టుకుని, రెండోది నీళ్లపైకి ఉండేలా పట్టుకుని, ముక్కు మూసుకుని బోర్లా తేలితే తల ఎత్తకుండా ఎంతసేపైనా నీళ్ల కింద చూడొచ్చు. పైనుంచి చూస్తే ఏరంటే నీళ్లే. ముఖం ముంచితే అక్కడో ఊరు ఊరంతా పని మీద ఉంటుంది. ఇసుక రంగు చేపపిల్లలు గుంపుగా తిరుగుతాయి. బండ సందులో జెల్ల చేప మీసాలు ఆడిస్తూ ఉంటుంది. ఆల్చిప్ప పాకిన దారి ఇసుకలో గీతలా కనిపిస్తుంది. చెవులు మునిగాక బయటి చప్పుడు ఏదీ వినపడదు. కాడలోంచి వచ్చే నా ఊపిరి ఒక్కటే వినపడేది.

అక్క కాసేపే ఉంది. చలేస్తోందని ఒడ్డెక్కింది. నేను చీర కాళ్ల నడుమ కాసె పోసుకుని బండల వెంట అవతలి వైపుకు తేలుకుంటూ పోయాను. పుట్టి ఆ వైపు నుంచి కనిపించదు. ఎంతసేపు ఉన్నానో చెప్పలేను. వేళ్లు ముడతలు పడ్డాక లేచాను.

తిరిగి వచ్చేసరికి ఎవరూ లేరు. పుట్టి లేదు. పొయ్యి రాళ్ల మధ్య బూడిద ఇంకా వేడిగా ఉంది. కానుగ చెట్టు కొమ్మకు వేలాడేసిన నా పొడి చీర కూడా లేదు.

మొదట నవ్వొచ్చింది. అక్క ఆట పట్టిస్తోంది, పుట్టి గడ్డ చుట్టూ తిప్పుకొస్తారు అనుకున్నాను. తర్వాత భయం వేసింది. అరిచాను. అవతలి ఒడ్డు దూరం, మనుషులు చీమల్లా కనిపిస్తారు, గొంతు చేరదు. ఈదుదామంటే నడుమ పాయ లోతు, వడి ఎక్కువ. తడి చీరతో బండ మీద కూర్చుని ఏడ్చాను. బిడ్డ ఉన్న పుట్టి నన్ను వదిలేసి ఎలా పోయిందో నాకు అర్థం కాలేదు.

పొద్దు వాలే వేళకు వల తీయడానికి ఇంకో ఊరి బెస్తలు అటు వచ్చారు. నన్ను ఎక్కించుకుని ఒడ్డున దించారు. అప్పటికి చీర ఒంటి మీదే ఆరిపోయింది.

చిన్నాయన అరుగు మీద చుట్ట తాగుతున్నాడు. నన్ను చూసి చుట్ట నోట్లోంచి తీశాడు.

"గదేందే, లోపట పండుకుంటివి గద. ఎప్పుడు బయటికి పోయినవ్?"

గట్టిగా అడిగితే ఆయన చెప్పింది ఇది. రైలుకు వేళవుతోందని బెస్తాయన కూత వేశాడు. మా వైపు ఏట్లో ఉన్న మనిషిని పేరు పెట్టి పిలవరు. నోటికి చేతులు అడ్డం పెట్టి కూత వేస్తారు, విన్నవాళ్లు వస్తారు. కూత విని నేను బండల అవతలి నుంచి వచ్చానట. పొడి చీర కట్టుకుని పుట్టి ఎక్కానట. తలనొప్పి అని ఎవరితో మాట్లాడలేదట. ఇంటికి వచ్చాక పద్మను ముందర కూర్చోబెట్టుకుని తల దువ్వి జడ వేశానట. తర్వాత పిల్లను ఎత్తి అక్క ఒళ్లో కూర్చోబెట్టి, ఆయన ఎదుటే, "ఇగ నీ బిడ్డే అక్కా, తీసుకపో" అన్నానట. నేను స్టేషన్‌కు రాలేనని లోపల చాప వేసుకుని పడుకున్నానట. మా ఆయన బండి కట్టుకుని అక్కనూ పద్మనూ రైలెక్కించడానికి వెళ్లాడట.

లోపలికి పరుగెత్తాను. చాప పరిచి ఉంది. దాని మీద నా పొడి చీర ఉంది. నేను మడిచినట్టే, కొంగు లోపలికి పెట్టి మడిచి ఉంది.

స్టేషన్ దారి పట్టాను. ఊరి బయటే మా ఆయన బండి ఎదురొచ్చింది. బండిలో ఆయన ఒక్కడే ఉన్నాడు.

"ఏడున్నది నా బిడ్డ?"

"అదేందే? నువ్వే ఇస్తివి గద. రైలెక్కిచ్చి వస్తున్న."

నడి బాట మీద ఆయన చొక్కా పట్టుకుని గుంజాను. గడ్డ మీద నన్ను వదిలేసి వచ్చారని అరిచాను. ఆయనకు ఎదురు అరిచేంత కోపం కూడా రాలేదు, నాకు మతి పోయిందన్నట్టు చూశాడు. నా ఎదురుగా కూర్చుని పుట్టిలో వచ్చావు, నీ మోకాలు నా మోకాలికి తగులుతూనే ఉంది అన్నాడు. ఆ మాటే ఆయన చచ్చేదాకా అన్నాడు.

నేను అప్పుడు నమ్మింది ఒకటే. అక్క, మా ఆయన, చిన్నాయన ముగ్గురూ కూడబలుక్కుని నా గొంతు కోశారు. నన్ను నీళ్లలో ఆడుకోమని పంపి, పిల్లను తరలించి, అడిగితే చెప్పడానికి ఈ కథ అల్లుకున్నారు. దయ్యం కథ చెబితే ఆడది భయపడి నోరు మూసుకుంటుందనుకున్నారు. ఇలా అనుకుంటే అన్నీ సరిపోతాయి. ఒక్క బెస్తాయన దగ్గరే సరిపోదు. మర్నాడు పొద్దున్నే ఆయన ఇంటికి పోయి అడిగాను. ఆయనకు మా ఇంటి గొడవతో ఏ సంబంధమూ లేదు, పిల్ల సంగతి కూడా తెలియదు. "ఎక్కినవు గదమ్మా" అన్నాడు. "పుట్టి తిరిగితే బిడ్డ నవ్వింది. నువ్వు నవ్వలె. పానం బాగలేదేమో అనుకున్న." నన్ను గడ్డ మీద నుంచి తెచ్చిన వాళ్ల సంగతి చెబితే, ఆయన తెడ్డు కింద పెట్టేసి ఇంట్లోకి పోయి తలుపు వేసుకున్నాడు.

మా అత్త నాకు గాలి సోకిందంది. వేపమండలు పట్టుకుని ఎవరినో పిలిపించింది. అతన్ని వాకిట్లోంచే తరిమాను. మా ఆయన మాత్రం, చిన్నాయన లాంటి పెద్దమనిషి ఎదుట ఇచ్చిన మాట తప్పితే కులంలో తలెత్తుకోలేనన్నాడు. ఇచ్చింది నేను కాను, గడ్డ మీది నుంచి నన్ను తెచ్చిన వాళ్లను అడుగు అన్నా వినడు. పన్నెండేళ్లు నాతో కాపురం చేసిన మనిషి. మోకాలు తగిలిందని గుర్తుంది కానీ, ఆ మోకాలు ఎవరిదో తెలుసుకోలేకపోయాడు. ఆ బాధ నేను ఎవరికి చెప్పుకోను?

సోలాపూర్ పోతానంటే పోనివ్వలేదు. వానాకాలం వచ్చాక మా వీధి వాళ్లు మిల్లు పనికి బయలుదేరితే, ఇంట్లో చెప్పకుండా వాళ్ల వెంట వెళ్లాను.

అక్క వాళ్లది మిల్లు కార్మికుల చాళ్లలో, ఆ వరస ఇళ్లలో, ఒక గది. నన్ను చూడగానే పద్మ కేక పెట్టి అక్క వెనక దాక్కుంది. నేను చెయ్యి పట్టుకుంటే విదిలించుకుని గుక్కపెట్టి ఏడ్చింది. "నువ్వే పొమ్మంటివి గద" అంది. చాళ్లలో ఆడవాళ్లంతా గుమిగూడి నన్ను పిల్లలను ఎత్తుకుపోయే దాన్ని చూసినట్టు చూశారు.

అక్కను బతిమాలాను. నిజం చెప్పమన్నాను, మీరు ముగ్గురూ ఏం మాట్లాడుకున్నారో చెప్పు, నేను క్షమిస్తాను, నా బిడ్డను నాకియ్యి అన్నాను. అక్క పద్మ తల మీద అరచెయ్యి ఆనించింది.

"ఈ బిడ్డ మీద ఒట్టు. నేను గుంజుకొని రాలే. మాట్లాడుకున్నదేం లేదు. నా ఒళ్ల వెట్టింది, తెచ్చుకున్న."

అక్క ఎన్ని అబద్ధాలైనా ఆడగలదు. కానీ ఆ పిల్ల తల మీద అబద్ధపు ఒట్టు వెయ్యదు, ప్రాణం పోయినా వెయ్యదు. అది నాకు బాగా తెలుసు. పైగా పిల్ల నోట కూడా అదే మాట. ఒంటరిగా రైలెక్కి తిరిగొచ్చాను. దారి పొడవునా ఒకటే ఆలోచన. ఒకవేళ నేనే ఇచ్చానా? నాకే ఏదైనా మతిమరపు వచ్చిందా? మరి గడ్డ మీద సాయంత్రం దాకా కూర్చుని ఏడ్చింది ఎవరు?

ఆ తర్వాత ఏళ్లు గడిచాయి. అక్క పండగకు రాదు, పబ్బానికి రాదు. పిల్లకు జ్వరమనో, బావకు సెలవు లేదనో కబురు పెట్టేది. నేను మళ్లీ వెళ్లలేదు. ఆ కేక ఇంకొకసారి వినే ధైర్యం నాకు లేకపోయింది.

చిన్నాయన చనిపోయినప్పుడు మాత్రం అక్కకు రాక తప్పలేదు. పద్మను కూడా తెచ్చింది. పదమూడేళ్ల పిల్ల, మరాఠీ వాళ్లలా గోచీ చీర కట్టే వయసుకు వస్తోంది. నన్ను చూసి దూరంగానే ఉంది. దినాల మర్నాడు పొద్దున పెరట్లో నేను బియ్యం ఏరుతుంటే వచ్చి చాట అవతల కూర్చుంది. చాలాసేపు నా చేతులనే చూసింది. తర్వాత తానూ ఏరడం మొదలుపెట్టింది.

"అమ్మా, ఒకటడుగుత. ఆ దినం నన్ను పెద్దమ్మ ఒళ్ల వెట్టింది నువ్వు గాదు గద?"

చాట పక్కన పెట్టి, నేను కాదని తల ఊపాను.

"నాకు తెలుసు. రైలు కదిలినంక పెద్దమ్మతోటి చెప్పిన, గామె మా అమ్మ గాదని. పెద్దమ్మ నా నోరు మూసింది. 'నాకు తెలుసు బిడ్డా, ఎవరితోటి అనకు. అంటే గామె మల్ల వస్తది' అన్నది."

నేను సోలాపూర్ వచ్చినప్పుడు ఎందుకు అంత ఏడ్చావని అడిగాను.

"వచ్చింది నువ్వో, ఆమెనో నాకు తెల్వకపాయె."

అక్క అరుగు మీద ఆకు నములుతూ కూర్చుంది. ఎదురుగా పోయి నిలబడ్డాను. వచ్చింది నేను కాదని తెలుసా నీకు అని అడిగాను. అక్క నా వెనక పద్మను చూసింది. ఇక దాచి లాభం లేదని ఆమెకు అర్థమైంది.

"పుట్టి ఎక్కంగనే తెలిసింది" అంది. "నీతోటి ఒక్క కంచంల తిని పెరిగిన దాన్ని, నాకు తెల్వదా?"

"తెలిసి నన్ను గడ్డ మీద వదిలి వచ్చినవా? తెలిసి దాని చేతుల నుంచి నా బిడ్డను తీసుకున్నవా?"

"ఇచ్చినోళ్లు ఎవరైతేంది అంజీ. నా ఒళ్ల బిడ్డను వెట్టిండ్రు. దేవుడు వెట్టలే, నువ్వు వెట్టలే. గామె వెట్టింది."

చెయ్యి ఎత్తాను. కొట్టలేకపోయాను. ఆమె తప్పించుకోవడానికి కూడా కదలలేదు. ముగ్గురూ కలిసి మోసం చేశారని ఇన్నేళ్లు తిట్టుకున్నాను. మా ఆయన మోసం చెయ్యలేదు, చిన్నాయన చెయ్యలేదు. వాళ్లు గుర్తుపట్టలేకపోయారు, అంతే. గుర్తుపట్టిన ఒక్క మనిషీ నోరు మూసుకుని నా బిడ్డను చంకనేసుకుని పోయింది. అంతకన్నా నన్ను నరికి ఏట్లో పారేసినా బాగుండేది.

ఆ సాయంత్రం అక్క ఒక్కతే రైలెక్కింది. పద్మ నాతో వచ్చేసింది.

ఇంటికి వచ్చే దారిలో బండిలో పద్మను అడిగాను. మీ నాయిన గుర్తుపట్టలేదు, తాత గుర్తుపట్టలేదు, అంత చిన్న పిల్లవు నీకెట్లా తెలిసింది బిడ్డా, ముఖం వేరేగా ఉండెనా, గొంతు వేరేగా ఉండెనా అని.

"లేదమ్మా, అచ్చం నీ లెక్కనే ఉండె. జడ గూడ నీ లెక్కనే ఏసింది. గని నన్ను ఇచ్చేసింది గద. నువ్వు ఇయ్యవు."

ఆ రోజు నా చీర కట్టుకుని, నా బిడ్డ తల దువ్వి, నా తల్లిగారింట్లో చాప మీద పడుకుని లేచిపోయింది ఎవరో ఇప్పటికీ నాకు తెలియదు. ఎంత ఆలోచించినా అంతు చిక్కలేదు. కూత విని ఎందుకు వచ్చిందో, నా నోట రాని మాట ఎందుకు అన్నదో, చీర మడిచి పెట్టి ఎటు పోయిందో చెప్పగలిగిన వాళ్లు లేరు. విచిత్రం ఏమిటంటే దాని మీద నాకు కోపం రాదు. అది నాకేమీ కాదు. అక్క నా తోడబుట్టింది.